ఎక్కడ రాయాలో చెప్పే లైను

మా ఆవిడ పోయి నేటికి పంతొమ్మిది రోజులు. గుండెపోటు. చెరువు గట్టున షెడ్డులో ఆమె కంప్యూటరు ఇంకా నడుస్తోంది.

మాది భీమవరం పక్క ఊరు. రొయ్యల చెరువులు. నీటిలో ఆక్సిజన్ తగ్గితే ఫోనుకు హెచ్చరిక పంపే ప్రోగ్రాం ఆమే రాసింది. రొయ్యల రైతులు మీలో కొందరు వాడుతున్నారు. అది పది నిమిషాలకోసారి తన లాగ్ ఫైల్లో ఒక లైను రాసుకుంటుంది: టైము, ఆక్సిజన్ ఎంత, నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతున్నాయా లేదా. రాయడానికి చోటు లేకపోతే ఆగిపోతుంది.

ఆమె షెడ్డుకు వస్తే గుమ్మంలో ఒక్క క్షణం ఆగి, ఏరేటర్ల చప్పుడు విన్నాకే లోపల కూర్చునేది.

మొదట్లో ఆ ఫైలు ఏ డ్రైవులో ఉండాలో ప్రోగ్రాంలోనే రాసేసింది. మార్చడానికి వీల్లేదు. మబ్బు పడితే నీటిలో ఆక్సిజన్ తగ్గుతుంది. అలాంటి ఒక రోజు పక్క చెరువు బాబాయ్ గారి కంప్యూటర్లో ఆ డ్రైవు నిండిపోయింది. హెచ్చరిక రాలేదు. రొయ్యలు చచ్చి తేలిపోయాయి. ఆమెకు అన్నం సయించలేదు.

"డ్రైవు నిండితే నీ తప్పేంటి?" అన్నాను.

"నాదేనండి. వాళ్ళింటికెళ్ళి సామాను ఎక్కడ పెట్టుకోవాలో నేను చెప్పినట్టుంది. వాళ్ళనే చెప్పనివ్వాలి."

సెట్టింగ్స్ ఫైలు ఒకటి విడిగా పెట్టి, లాగ్ ఎక్కడ రాయాలో చెప్పే లైను అందులోకి తెచ్చింది. ఎవరి లైను వాళ్ళచేతే మార్పించింది.

"మేత చల్లే చేతులమ్మా, ఈ కీబోర్డు విరిగిపోద్ది," అన్నారు బాబాయ్ గారు.

"విరిగితే కొత్తది మీరే తెస్తారు. కొట్టండి బాబాయ్ గారూ!"

నన్నూ నేర్చుకోమంది. "నువ్వున్నావుగా," అనేవాణ్ణి.

మొన్న పొద్దున మబ్బు పట్టింది. మా డ్రైవు నిండిపోతోందని తెర మీద వచ్చింది. విడి డిస్కు ఒకటి తగిలించి సెట్టింగ్స్ ఫైలు తెరిచాను. ఒక్క అక్షరం తప్పితే ప్రోగ్రాం లేవదు. చెరువు నిండా పంట.

ఆ లైను పైన ఆమె తెలుగులో రాసిపెట్టి ఉంచింది: "ఏవండీ, ఇక్కడే మార్చాలి. ఆపి మళ్ళీ మొదలుపెట్టండి. కంగారు పడకండి."

నా కోసం ఎప్పుడు రాసిందో తెలియదు. మార్చాను. కంగారు పడుతూనే మార్చాను. పది నిమిషాలు గట్టు మీద తిరిగి వచ్చేసరికి కొత్త ఫోల్డర్లో ఒక లైను ఉంది.

పాత ఫోల్డరు తుడవలేదు. ఆమె ఉన్న రోజులన్నీ అందులోనే ఉన్నాయి.

ఇప్పుడు రోజూ గుమ్మంలో ఆగి ఏరేటర్ల చప్పుడు వింటున్నాను. తర్వాత లోపలికెళ్ళి తెర ముందు కూర్చుంటాను. లైను పడుతుంది. ఊపిరి పీల్చుకుంటాను. మళ్ళీ పది నిమిషాలు.