అవ్వ ఇచ్చిన కొత్త కుండ

మొన్న ఆషాఢంలో మా అపార్టుమెంటు ఆడవాళ్ళు నలుగురు కాగితం పట్టుకుని వచ్చి, ఈసారి ఇంటికో బోనం చొప్పున తీస్తున్నాం, మీ ఫ్లాటు పేరు రాసుకోమంటారా అని అడిగితే, మా మనవడి భార్య నవ్వుతూ, మాది కృష్ణా జిల్లా అండి, మాకు ఆ ఆనవాయితీ లేదు అని చెప్పి మర్యాదగా తలుపు వేసింది. తప్పేమీ అనలేదు, పాపం. నాకు మాత్రం ఆ పూట ముద్ద దిగలేదు. ఈ కొత్తగూడలోనే, నా పదిహేడో ఏట, అదే మాట నేనూ అన్నాను.

నా ఈడు వాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు, అప్పట్లో హైదరాబాదు మనకు పరాయి రాజ్యం. నాణెం వేరు, కచేరీ భాష వేరు. స్వాతంత్ర్యం ఇవాళో రేపో అని అందరూ చెప్పుకుంటున్న ఆ రోజుల్లో, మా వారికి ఒక రాళ్ళ కాంట్రాక్టరు దగ్గర గుమాస్తా పని దొరికింది. పట్నంలో కిరాయిలు మా తాహతుకు మించినవి కావడంతో, రాళ్ళు కొట్టే చోటుకు దగ్గరగా, గుట్టల మధ్య ఉన్న ఈ పల్లెలో ఒక అవ్వ మట్టింట్లో సగం వాటా తీసుకున్నాం. అంత చవక బతుకు మళ్ళీ ఎక్కడా చూడలేదు. కట్టెలు గుట్టల మీద ఏరుకునేవాళ్ళం, సీతాఫలాలు కొనాలని ఎవరికీ తెలియదు, పాలు అవ్వ బర్రెవి. నేను నోరు తెరిస్తే పిల్లలు గుమిగూడి నా ‘అండి’ని అనుకరించి నవ్వేవారు. నాకు ఒళ్ళు మండేది. ఇదెక్కడి తెలుగు, ఇవెక్కడి రొట్టెలు అని ముఖం మాడ్చుకునేదాన్ని. పొగరే, దాచుకోవడమెందుకు.

అవ్వకు మిగిలింది ఐదేళ్ళ మనవరాలు ఒక్కతే; కూతురు పురిట్లోనే పోయిందట. ఆ పిల్ల ఇంట్లో జొన్నరొట్టె వదిలేసి, పొద్దుగూకేసరికి నా గడపలో కూర్చునేది. తెల్లన్నంలో కందిపొడి కలిపి పెడితే వేళ్ళు నాకుతూ తినేది. నా పొగరు ఆ పిల్ల దగ్గర మాత్రం సాగేది కాదు.

ఆ ఆషాఢంలో అవ్వ కుమ్మరి దగ్గర నుంచి రెండు కొత్త కుండలు తెచ్చి, సున్నం పూసి, పసుపు కుంకుమ బొట్లు పెట్టి, ఒకటి నా చేతికిచ్చింది. పొయ్యి వెలిగే ప్రతి ఇంటి నుంచీ అన్నం వండి నింపిన ఒక బోనం పోచమ్మకు వెళ్ళాలట. ఏ ఊరి నుంచి వచ్చారన్నది చూడరట. మేం ఈ ఊరివాళ్ళం కాదుగా అన్నాను. ఒకటికి రెండుసార్లు చెప్పి చూసి అవ్వ ఊరుకుంది, కుండ మాత్రం తిరిగి తీసుకోలేదు. ఊరికే వచ్చింది కదా అని నేనందులో చింతపండు పెట్టుకున్నాను. పొదుపుగా సంసారం చేస్తున్నానని మురిసిపోయాను కూడా.

పదిహేను రోజులు తిరగకముందే గత్తర వచ్చింది, మనవైపు కలరా అంటామే, అది. ముందు మా వారు పడ్డారు. ఆయనకు వాంతులు, విరేచనాలు ఎత్తిపోస్తూ, గంజి తాగిస్తూ ఉన్న ఆ రోజుల్లో కూడా పిల్ల వచ్చి గడపలో కూర్చునేది, నేనూ అన్నం కలిపి పెట్టేదాన్ని. ఆయన బతుకుతారన్న ఆశ కలిగిన నాడే ఆ పిల్లకు వాంతులు మొదలయ్యాయి. దవాఖాన ఎక్కడో పట్నంలో. బండి దొరికేసరికి పిల్ల లేదు.

మూడో నాడు ఊరి పెద్దలు వచ్చారు. ఈ ఇంట్లో పొయ్యిలు రెండు, బోనం ఒక్కటే వచ్చింది, అమ్మ కోపం ఇక్కడి నుంచే ఊరికి పట్టుకుంది, వీళ్ళు ఇప్పుడే పొలిమేర దాటాలి అన్నారు. బయట ఒకటే వాన. మా వారు లేచి కూర్చోలేని స్థితిలో ఉన్నారు, కదిలిస్తే దారిలోనే పోతారు. వెనక మూలన ఆ కుండ చింతపండుతో, బొట్లయినా చెరగకుండా ఉంది. అంతవరకు గోడకు ఆనుకుని కూర్చున్న అవ్వ లేచి వచ్చి, నన్ను పక్కకు జరిపి, ఆ కుండ ఎవరికీ కనబడకుండా గుమ్మానికి అడ్డంగా నిలబడి, నా వైపు చేయి చూపించింది.

“గీ పిల్ల బోనం గూడ నేనే ఎత్తిన. పొద్దు పొడవకముందు ఒకటి, మీ అందరితోని ఒకటి. పోచమ్మ తల్లి మీద ఒట్టు. ఇగ పోండ్రి.”

మనవరాలిని మట్టికిచ్చి మూడు రోజులు కాని ముసలామె ఒట్టును కాదనడానికి ఎవరికి నోరొస్తుంది? వెళ్ళిపోయారు. నేను కాళ్ళ మీద పడబోతే వెనక్కి జరిగింది.

“జర దూరముండు బిడ్డా. నువ్వు గా కుండ ఎత్తితే నా పిల్ల బతికేది.”

ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. మా వారికి మాత్రం రోజూ జొన్నరవ్వతో గట్కజావ కాచి గడప మీద పెట్టి పోయేది. ఆయన నడవగలిగిన రోజున బండెక్కి పట్నం వెళ్ళిపోయాం. అవ్వ బయటికి రాలేదు, నేనూ పిలవలేదు. మళ్ళీ వెళ్ళాలని అనుకోవడమే గానీ, ఆ ముఖం చూసే ధైర్యం ఏ ఏడూ చాల్లేదు.

ఇప్పుడు మనవడి కారులో రెండుసార్లు తిరిగి చూశాను. గుట్టలే లేవు, ఇల్లేం దొరుకుతుంది. ఇక్కడ సగం మంది నాలా పరాయివాళ్ళే. ఎవరి పొయ్యి వెలిగిందో ఎవరూ అడగరు, ఎవరినీ వెళ్ళగొట్టరు, ఎవరికీ అడ్డం నిలబడరు కూడా. అమ్మవారి కోపాన్ని నేను అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. రోగికి ఎత్తిపోసిన చేత్తోనే ఆ పిల్లకు అన్నం కలిపానని మాత్రం నాకు తెలుసు. అవ్వకు అది తెలియదు. తన పిల్లను తీసుకుపోయింది ఆ తల్లేనని ఆమె నమ్మింది. నమ్మి, ఆ తల్లి మీదే అబద్ధపు ఒట్టు వేసింది, నా పసుపు కుంకుమలు నిలబెట్టడానికి.