పర్సులో ఇమిడే రివాల్వర్

ఆడవాళ్లకి రివాల్వర్ ఎంచిపెట్టడంలో ఆర్డిత్ నేపియర్‌ని మించినవాళ్లు మా లారెల్ ఫోర్క్‌లోనే కాదు, ఈ కెంటకీ కొండల్లో ఎక్కడా లేరు. ఏ మాటకామాట చెప్పుకోవాలి, నోరు మాత్రం మంచిది కాదు. కొట్లోకి వచ్చిన మనిషి ముందు నాలుగు చీవాట్లు తినాలి, ఆ తర్వాతే సరుకు చూడాలి. అయినా జనం ఆవిడ దగ్గరికే వస్తారు. డెబ్భై దాటిన మనిషి. గాజు బల్ల వెనక ఎత్తు స్టూలు మీద, మెడలో కళ్లజోడు వేలాడేసుకుని కూర్చుంటుంది. కింద తుపాకులూ గాలాలూ అమ్మే కొట్టు, పైన ఇల్లు. భర్త ఎమ్మిట్ గనిలో మింగిన బొగ్గు దుమ్ముతోనే ఊపిరాడక పోయాడు.

మొగవాళ్ల సంగతి ఆవిడకి కొట్టినపిండి. పెళ్లానికి కొందామని వస్తారు. బల్లలో అన్నిటికన్నా చిన్నదాన్ని, తేలికదాన్ని, గులాబీరంగు పిడి ఉన్నదాన్ని వేలు పెట్టి చూపిస్తారు.

“ఇది బాగుంది మామ్మా. మా ఆవిడ చేతిలో ముద్దుగా ఉంటుంది.”

“ముద్దుగా ఉండటానికి అదేమన్నా కుక్కపిల్లట్రా? ఎంత తేలికైతే పేలినప్పుడు అంత గట్టిగా వెనక్కి తంతుంది. ఒక్కసారి పేల్చాక మణికట్టు లాగేసి, మీ ఆవిడ దాన్ని సొరుగులో పడేస్తుంది, ఇంక జన్మలో ముట్టుకోదు. కాల్చాల్సింది నువ్వా, అదా? పో, వెళ్లి మనిషిని తీసుకురా.”

మనిషి వస్తే అప్పుడు మొదలవుతుంది అసలు పని. రివాల్వర్ తెరిచి ఖాళీగా ఉందని తనూ చూసి, ఆమెకూ చూపించి చేతికిస్తుంది. పిడి మీద చిటికెన వేలికి చోటుందా, ట్రిగ్గర్ లాగుతుంటే గొట్టం కొస వణుకుతోందా, వెనకాల తూటాని కొట్టే సుత్తి పొడుచుకొచ్చి పర్సు లోపలి గుడ్డకి తగులుకుంటోందా, అన్నీ చూస్తుంది. చిన్నదాన్ని మొయ్యడం తేలిక, కాల్చడం కష్టం. పెద్దదైతే కాల్చడం తేలిక, మొయ్యలేక ఇంట్లో వదిలేస్తారు. ఈ రెండింటికీ మధ్య ఆ మనిషికి ఏది కుదురుతుందో చూడటమే ఆవిడ విద్య. చెప్పులు ఎంచినట్టే ఇదీ, వేసుకుని నడిస్తే గానీ తెలియదు అంటుంది.

ఆవిడ గురించి ఊరందరికీ తెలిసిన ఇంకో సంగతి ఉంది. అది మాత్రం ఎవరూ ఆవిడ ఎదుట ఎత్తరు. ఆవిడకి రొవీనా అని ఒక్కతే కూతురు. ఆ పిల్లని మొగుడు రాండల్ కాల్చి చంపాడు, ఆర్డిత్ ఎంచి ఇచ్చిన రివాల్వర్‌తోనే. “పాపం, కూతురి రక్షణకని ఇచ్చింది. తల్లి ఇంకేం చేస్తుంది?” అని ఊరు ఊరంతా ఆవిడ పక్షానే నిలిచింది. వాడు జైల్లో ఉన్నాడు, ప్రాణం పోయేదాకా బయటికి రాడు. కోర్టు పని తీరాక షెరిఫ్ ఆఫీసు వాళ్లు ఆ రివాల్వర్‌ని కాగితం సంచీలో పెట్టి తల్లికే తెచ్చిచ్చారు. అది ఇనప్పెట్టె అడుగున పడి ఉంది. అమ్మడానికి నోరు రాదు, ఏట్లో పారేయడానికి చెయ్యి రాదు.

ఊరికి తెలియనిది ఇంకొకటి ఉంది. అది ఎమ్మిట్‌కి తెలుసు, ఆయన పోయాడు. ఇక ఆర్డిత్ ఒక్కదానికే తెలుసు.

మా వైపు పెళ్లయిన పిల్లకి కష్టం వస్తే పుట్టింటికి రమ్మనరు. కాలు నిలదొక్కుకోమంటారు, చేతికి రివాల్వర్ ఇస్తారు. అదే ప్రేమ, అదే ధైర్యం, అదే పరువు. తాతలనాటి నుంచీ ఇంతే. రొవీనా ఆ రోజు రివాల్వర్ కోసం రాలేదు. బట్టల సంచీతో వచ్చింది. గాలాలు వేలాడదీసిన మూల, బల్ల ఆ చివర నిలబడి, గాజు మీద రెండు చేతులూ ఆనించి అడిగింది.

“అమ్మా, నాలుగు రోజులు పైన నా గదిలో ఉండనా?”

“నీ ఇల్లు వదిలి నువ్వెందుకే పారిపోవడం? పోవలసినవాడు వాడు. మన ఇంటి ఆడవాళ్లు వెన్ను చూపించి ఎరగరు.”

అని, కొట్లో ఉన్నవాటిలో మేలైనదాన్ని ఎంచింది. పిల్ల వేలికి బరువు లేకుండా ఎమ్మిట్ కూర్చుని ట్రిగ్గర్‌ని వెన్నలా సాఫుచేసి ఇచ్చాడు. ఇద్దరూ ఎంత శ్రద్ధగా చేశారని! రొవీనా రివాల్వర్ పర్సులో వేసుకుంది, బట్టల సంచీ భుజాన వేసుకుంది, వచ్చిన దారినే వెళ్లింది. ఆ వారం తిరగకుండానే రాండల్ ఆ పర్సులోంచే దాన్ని తీశాడు.

అప్పటినుంచీ ఆ కొట్లో ఆర్డిత్ ఒంటరిగా లేదు. పొద్దున్నే తాళం తీసి లోపలికి రాగానే, గాలాల మూల, బల్ల ఆ చివర గాజు మీద రెండు అరచేతుల అచ్చులు కనిపిస్తాయి. ముందురోజు సాయంత్రం తుడిచిందే. మళ్లీ తుడుస్తుంది. పిచ్చిదాన్నవుతున్నానేమోనని డాక్టరుకు చెప్పాలనుకుంది, చెప్పలేదు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. ఎవరైనా ఆడమనిషి వచ్చి “చిన్నది కావాలి మామ్మా” అంటే చాలు, ఆ మాట వెనకే సన్నగా ఇంకో గొంతు వినిపిస్తుంది. నాలుగు రోజులు ఉండనా. ఆవిడ గట్టిగా దగ్గి, కొనడానికి వచ్చినవాళ్లని ఇంకో రెండు తిట్లు తిట్టి, ఆ గొంతుని అణిచేస్తుంది. ఊళ్లోవాళ్లు ముసలిదానికి చిరాకెక్కువైంది అనుకుంటారు. భయం అని ఎవరికి తెలుస్తుంది?

మార్చిలో, వాన పట్టిన ఒక పొద్దున, బడి బస్సు వెళ్లిపోయాక మిస్టీ హెన్స్‌లీ వచ్చింది. బడి వంటగదిలో పనిచేసే పిల్ల, పాతికేళ్లు కూడా నిండలేదు. తడిసిన చొక్కా చేతులు వేళ్ల దాకా లాక్కుని, గాలాల మూలకి వెళ్లి అక్కడే నిలబడింది. కొట్టంతా ఖాళీగా ఉంటే ఆ మూలే దొరకాలా!

“ఇటు వెలుతుర్లోకి రావే, అక్కడేముంది?”

“చిన్నది కావాలి మామ్మా. పర్సులో పట్టేది.”

ఆర్డిత్ ఒకటి తీసిచ్చింది, లాగలేకపోయింది. ఇంకొకటి ఇచ్చింది, పిడి లావైంది. మూడోది చేతిలో నిలిచింది గానీ ట్రిగ్గర్ సగం వచ్చేసరికి వేలు వణికి ఆగిపోయింది. ఆ వేలికి సరిపోయేది ఇనప్పెట్టె అడుగున ఉందని ఆర్డిత్‌కి తెలుసు. ఆ ఆలోచన వచ్చినందుకే తన మీద తనకి అసహ్యం వేసింది.

“ఎక్కడికి తీసుకెళ్తావే దీన్ని? నడిచి వెళ్లే దారి ఏదైనా చీకటిగా ఉంటుందా?”

“ఎక్కడికీ కాదు. ఇంట్లోకే.”

“ఇంట్లోకైతే పర్సులో పట్టేదెందుకు? కాస్త పెద్దది తీసుకుని మంచం పక్కన పెట్టుకో.”

“పర్సయితే వాడు ముట్టుకోడు.” అన్నాక మిస్టీ నాలిక్కరుచుకుంది.

“ఎవడు?”

“డస్టిన్. మా ఆయన.”

ఆర్డిత్ ఆ రివాల్వర్ తీసుకుని బల్లలో పెట్టి తాళం వేసింది. “ఇవాళ అమ్మను. నా మాట విను తల్లీ, పైన గది ఉంది. పక్క వేస్తాను. ఉన్నన్నాళ్లు ఉండు, ఎవరూ అడగరు.”

మిస్టీ మొహం ఎర్రబడిపోయింది. “నా ఇల్లు వదిలి నేనెందుకు పారిపోవాలి మామ్మా? మా ఇంటి ఆడవాళ్లకి ఆ అలవాటు లేదు.”

ఎవరి మాటది! ఊళ్లో ప్రతి తల్లీ ప్రతి పిల్లకీ ఉగ్గుపాలతో పోసిన మాట, తను స్వయంగా ఆ బల్ల దగ్గరే అన్న మాట. అది తప్పని చెప్పాలంటే బట్టల సంచీ సంగతి చెప్పాలి. ఆర్డిత్ చెప్పలేక, అలా నోరు తెరుచుకుని చూస్తుండగానే పిల్ల వానలోకి వెళ్లిపోయింది. ఆ పూటంతా ఆర్డిత్ తనని తాను తిట్టుకుంది. ఊరందరికీ చీవాట్లు పెట్టే నోరు, కావలసినప్పుడు కుట్టేసినట్టు అయిపోయిందే! ఆ సాయంత్రం గాజు మీది అచ్చులు రొవీనావో, మిస్టీవో తేల్చుకోలేక, తుడవకుండానే దీపం ఆర్పింది.

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఇక్కడ పెదవి దాటనక్కర్లేదు, కారు ఆగితే చాలు. కొట్టు ముందు మిస్టీ కారు చూసినవాళ్లెవరో డస్టిన్ చెవిన వేశారు. మర్నాడు వాడే పెళ్లాన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. టోపీ తీసి చేతిలో పట్టుకుని, నవ్వుతూ, ఎంత మర్యాదో.

“నమస్కారం మామ్మగారూ. నిన్న మా ఆవిడ వచ్చి ఉత్త చేతుల్తో వచ్చేసిందట. కొండమీది ఎలుగుబంటి వంటింట్లోకి వస్తుందని భయమేమో, నాతో ఒక్క మాట చెప్పదు. నేనే దగ్గరుండి కొనిపెడదామని వచ్చా.”

మిస్టీ నేల చూస్తోంది.

డస్టిన్ ఎంచింది ఏదో వేరే చెప్పాలా? గులాబీరంగు పిడి. ఆర్డిత్ దాన్ని తెరిచి, ఖాళీ చూపించి బల్ల మీద పెట్టింది. ఆ రోజు తిట్లు రాలేదు. వాడు దాన్ని మిస్టీ చేతిలో పెట్టి, ఆ చేతి మీద తన చెయ్యి మూశాడు.

“ఇలా పట్టుకోవాలి బంగారం. గట్టిగా. ఇంకా గట్టిగా.” మిస్టీ వేళ్లు వాడి గుప్పిట్లో నలిగి తెల్లబడిపోయాయి. వాడి మొహం మీద నవ్వు చెరగలేదు. “హమ్మయ్య. ఇంక ఇది ఇంట్లోనే ఉంటుంది. ఎక్కడుంటుందో నాకూ తెలిసి ఉంటుంది. కాగితాలు నా పేరున రాయండి మామ్మగారూ.”

రాండల్ కూడా ఇలాగే మర్యాదగా మాట్లాడేవాడు. రొవీనా గొంతు మళ్లీ వచ్చింది, ఈసారి చెవి పక్కనే. నాలుగు రోజులు ఉండనా. ఆర్డిత్ దగ్గలేదు.

“అమ్మను,” అంది.

“అదేంటి? నా డబ్బు చెల్లదా?”

“నీతో కాదురా నేను మాట్లాడేది. మిస్టీ, ఇటు చూడవే. నా కూతురికి నేను రివాల్వర్ ఇచ్చానని ఊరంతా చెప్పుకుంటారు, నువ్వూ వినే ఉంటావు. అది రివాల్వర్ అడగలేదే. బట్టల సంచీ తెచ్చుకుని, ఇంట్లో నాలుగు రోజులు చోటివ్వమని అడిగింది. నేను ఇవ్వలేదు. పరువని, పౌరుషమని, నిన్న నువ్వన్న మాటే అని, చేతిలో ఇనుము పెట్టి వాడి దగ్గరికే పంపించాను. వాడు చంపాడు నిజమే. తలుపు మూసింది మాత్రం నేను.”

ఇన్నేళ్లలో ఆ మాట బయటికి రావడం అదే మొదలు. చెప్పాక ఆవిడ బల్ల పట్టుకుని నిలబడి, రెండు బల్లల మధ్య అడ్డంగా ఉండే చెక్క పలకని పైకెత్తింది. కొట్టు వెనక వైపుకి, మెట్లకి అదే దారి.

“ఇటు వచ్చెయ్ తల్లీ.”

డస్టిన్ నవ్వడం మానేశాడు. “ముసలిదానికి మతి పోయింది. మిస్టీ, పద కారెక్కు.”

మిస్టీ కదల్లేదు. ఎటూ కదల్లేదు. ఆర్డిత్ ఎత్తిన పలకని దించలేదు. ఆవిడ నడుముకి ఎప్పుడూ ఒక రివాల్వర్ ఉంటుంది. చెయ్యి దాని మీదికి పోలేదు. రెండో చేత్తో టెలిఫోన్ తీసి షెరిఫ్ ఆఫీసుకి కలిపి, వాడి పేరుతో సహా, ఏం జరుగుతోందో వాడికి వినబడేలా చెప్పింది.

“నువ్వెవరే నా పెళ్లానికి?” అని డస్టిన్ మిస్టీ చెయ్యి వదలకుండానే బల్ల మీద గుద్దాడు.

ఆ చప్పుడుకి మిస్టీ చెయ్యి ఉలిక్కిపడి వాడి గుప్పిట్లోంచి ఊడి వచ్చింది. గులాబీ పిడి వాడి చేతిలోనే మిగిలిపోయింది. ఆమె పరుగెత్తలేదు. తల వంచి, పలక కింద నుంచి, ముసలిదాని పక్కకి నడిచి వచ్చింది. ఆర్డిత్ పలక దించింది.

వాడు నానా బూతులూ తిట్టాడు. ఖాళీ రివాల్వర్ని గాజు మీదికి విసిరికొట్టాడు, గాజు పగిలింది. షెరిఫ్ మనుషులు వచ్చేసరికి వాకిట్లో ఇంకా అరుస్తూనే ఉన్నాడు. వాళ్లు వాణ్ణి తీసుకెళ్లారు. ఎన్నాళ్లు ఉంచుతారో, మళ్లీ ఎప్పుడొస్తాడో ఎవరికి తెలుసు? రాడని మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఆర్డిత్ పైకెళ్లి బీరువాలోంచి దుప్పటి తీసింది. రొవీనా మంచం మీద పరుపు దులిపి, దుప్పటి పరిచి, రెండు దిళ్లు పెట్టింది. పొయ్యి మీద చిక్కుడు గింజలు ఉడికే ఉన్నాయి, మొక్కజొన్న రొట్టె నిన్నటిది ఉంది. మిస్టీ రెండు ముద్దలు తిని, బూట్లయినా విప్పకుండా అలాగే ఒరిగిపోయింది. పట్టపగలు, నోరు తెరుచుకుని, చంటిపిల్లలా నిద్రపోయింది.

ఆర్డిత్ గది గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసింది. దుప్పటి పరచడానికి ఎంతసేపు పట్టింది? రొట్టె ముక్క ఇవ్వడానికి ఎంత ఖర్చయింది? పరువు పోయిందా, కొండలు కూలాయా? ఏమీ కాలేదు. మెట్ల మీద కూలబడి, కూతురు పోయిన నాడు కూడా ఏడవని మనిషి, నోట్లో కొంగు కుక్కుకున్నట్టు చొక్కా అంచు కుక్కుకుని ఏడ్చింది.

“ఇంతేనటే రొవీనా,” అంది. “నువ్వడిగింది ఇంత చిన్న పనా?”