గుప్పెడు ఉప్పు

డెబ్భైల్లో పసిపిల్లల ఎదుగుదల మీద మనవాళ్లూ స్వీడన్ డాక్టర్లూ కలిసి పరిశోధన చేసేవారు. పిల్లల్ని తూచడం నా పని. రోజూ బెజవాడ నుంచి బస్సులో మంగళగిరి వెళ్లేదాన్ని. కొత్త ఉద్యోగం, ఇరవయ్యేళ్ల హుషారు. ఒకరోజు మగ్గం నేసే నాగమణి కొడుకుని తూచి, వీధివీధంతా వినేలా "అబ్బో, ఎంత బరువు పెరిగాడో!" అనేశాను.

మర్నాటికి వాడికి విరేచనాలు. కళ్లు లోతుకు పోయాయి.

"నీ దిష్టే తగిలిందమ్మాయ్ నా పిల్లోడికి!" అని నాగమణి ఏడుస్తుంటే నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను.

నాతో వచ్చిన స్వీడన్ డాక్టరమ్మ ఏమీ వాదించలేదు. మగ్గం పక్కనే నేలమీద కూర్చుని, కాచి చల్లార్చిన నీళ్లలో ఉప్పూ పంచదారా కలిపి, సాయంత్రం దాకా వాడికి చెంచాతో పడుతూనే ఉంది. చివరికి వాడు ఆవిడ ఒళ్లోనే ఉచ్చ పోశాడు. తడిసిన గౌను చూసుకుని ఆవిడ పకపకా నవ్వింది. గండం గడిచిందని అప్పుడు అర్థమైంది.

నాగమణి గుప్పెడు ఉప్పు తెచ్చి బిడ్డకి దిష్టి తీసింది. తర్వాత డాక్టరమ్మకీ తీసింది.

"ఆవిడకెందుకు?" అన్నాను.

"దేశంకాని దేశంలో ఈ తల్లికి తీసేదెవరు?"

గుమ్మం దగ్గరే నిలబడ్డ నన్ను చూసి, "నువ్వూ రా, కూర్చో. పొద్దుట్నించీ వీధిలో అందరి కళ్లూ నీమీదే ఉన్నాయి" అంది.

ఆ తర్వాత ఎందరో పిల్లల్ని తూచాను. బరువు కాగితం మీద రాశానే గానీ, ఎప్పుడూ పైకి చదవలేదు.