వెనక్కి పోకూడని జీపు

మా బావకు అంకె పెద్దదైతే చాలు. ఫోను కొంటే కెమెరాలు ఎన్ని ఉన్నాయని చూస్తాడు గానీ ఫోటో ఎలా వచ్చిందో చూడడు. పెళ్ళికి పోతే ఎన్ని రకాలు వడ్డించారో ఊరంతా చెబుతాడు, పప్పులో ఉప్పు లేదన్న సంగతి ఆయన నాలుకకు తెలియనే తెలియదు. ధర్మవరంలో పట్టుచీరల అంగట్లో పొద్దంతా కూర్చుని చీరలు మడతపెట్టే మనిషి, మా జీపుకు ఏ గేర్‌బాక్స్ పెట్టాలో తేల్చడానికి తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకుని మరీ వచ్చాడు. అక్క మొగుడు కాబట్టి కుర్చీ వేశాం.

ఆ జీపు షికార్లకు కొన్నది కాదు. బోర్లలో కాలిపోయిన మోటార్లను పైకి ఎత్తడం, బాగు చేయించాక మళ్ళీ లోపలికి దించడం మా నాయన పని. బత్తలపల్లె చుట్టుపక్కల వానకు కరువుంది గానీ ఈ పనికి లేదు. నీళ్ళు అడుక్కి పోయేకొద్దీ రైతు పైపులు పెంచుతాడు, పైపులు పెరిగేకొద్దీ మోటారు రొప్పుతుంది, రొప్పి రొప్పి కాలిపోతుంది. అప్పుడు మమ్మల్ని పిలుస్తారు.

పని చూడటానికి తేలికే. బోరు మీద మూడు కాళ్ళ ఇనుప స్టాండు నిలబెడతాం. దాని గిలకల మీదుగా వచ్చిన ఇనుప తాడు ఒక కొస పైపుకు, ఇంకో కొస జీపు వెనక కొక్కేనికి. జీపు ముందుకు పోతే పైపు పైకి లేస్తుంది, వెనక్కి వస్తే కిందికి దిగుతుంది. దించేటప్పుడు ఒక్కో పైపుకు పైభాగాన క్లాంపు అనే ఇనుప పట్టీ బిగించి వదులుతాం. ఆ క్లాంపు వచ్చి బోరు నోటి మీద మెల్లగా కూర్చోవాలి. అది వంకర పోకుండా చేత్తో తిప్పి కూర్చోబెట్టేది నాయన. జీపు నడిపేది నేను. పదో తరగతి అయిన ఎండాకాలం నుంచి ఆ సీటు నాదే. ముందుకు పోవాలంటే నాయన ఒక వేలు చూపుతాడు, వెనక్కి రావాలంటే రెండు వేళ్ళు, ఆగాలంటే పిడికిలి. నేను అద్దంలో ఆయన చేతులను తప్ప వేరే ఏదీ చూడను. బండి ఒక జానెడు ఎక్కువ వెనక్కి వస్తే నలిగేది క్లాంపు మీది చేయే.

అందుకే నాకు ఆ జీపులో అన్నిటికన్నా ముఖ్యమైన గేరు రివర్స్. పాత గేర్‌బాక్స్‌కు నాలుగే గేర్లు, మొదటి గేరు పడాలంటే బతిమాలాలి, తిట్టాలి. కానీ రివర్స్ వేసి క్లచ్ వదిలేస్తే బండి చీమలా పాకేది. బోరులో ఉన్న బరువంతా వెనక్కి లాగుతున్నా ఇంజినే పట్టి ఆపేది, నా కాలు బ్రేకు మీద ఊరికే ఆని ఉండేది.

పోయిన వేసవికి ముందు పాత పెట్రోలు ఇంజిను చచ్చిపోయింది. బత్తలపల్లె రోడ్డు పక్క షెడ్డు మెకానిక్కు, తుక్కుకు పోతున్న ఒక పికప్ వ్యాను నుంచి డీజిల్ ఇంజిను తెచ్చాడు. ఇంజిను మంచిదే, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. దాని వెంట దాని ఐదు గేర్ల గేర్‌బాక్స్ కూడా వచ్చింది. తగువంతా అక్కడ మొదలైంది. ఈ ఇంజినుకు మా పాత గేర్‌బాక్స్ అతకాలంటే మధ్యలో ఒక మందపాటి ఇనుప పలక కోయించాలి, లేత్ మిషను దగ్గర బోల్టుల రంధ్రాలు సరిచూసి వేయించాలి, షాఫ్టు పళ్ళకు సరిపోయే క్లచ్ ప్లేటు వెతకాలి. ఐదు గేర్లదైతే ఉన్నది ఉన్నట్టు బిగించేయడమే.

మెకానిక్కుకు పని తగ్గడం కావాలి, బావకు అంకె పెరగడం కావాలి. ఇద్దరికీ సరిగ్గా కుదిరింది.

"ఏమప్పా, ఐదు గేర్లు చేతిలో పెట్టుకోని నాలుగు గేర్ల డబ్బా బిగిస్తారా యాడైనా? నగుతారు జనం," అన్నాడు బావ. మోటార్లు ఎత్తే పని లేని రోజుల్లో జీపును పుట్టపర్తికి బాడుగకు తిప్పవచ్చని కూడా ఆయనే కనిపెట్టాడు. గ్రీసు వాసన, తుప్పు నీళ్ళ మరకలు ఉన్న ఆ జీపులో ఆశ్రమానికి వచ్చే భక్తులు వరసకట్టి ఎక్కుతారని ఆయన నమ్మకం.

"పాతది అతకాలంటే నెల పని అన్నా, క్లచ్చి ప్లేటు దొరకదు, లేత్ వాని సుట్టూ తిరగల్ల," అని మెకానిక్కు తాళం వేశాడు.

నేను ఒకటే అడిగాను. "రివర్స్ ఎట్లుండాది దీంట్లో? ఎంత మెల్లగ పోతాది?"

"రివర్స్ ఏ డబ్బాకైనా ఒగటే కదా పాపా ఉండేది," అన్నాడు మెకానిక్కు. బావ నవ్వాడు. టీ తెచ్చిన మనిషి కూడా నవ్వాడు, ఆయనకు ఏం అర్థమైందో దేవుడికే తెలియాలి. పళ్ళ చక్రాలను బట్టి ఒక్కో పెట్టెలో రివర్స్ ఒక్కో వేగం అని మెకానిక్కు అయినవాడికి నేను చెప్పాలా? చెప్పాను. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గానీ మా ఇంట్లో చెప్పేది ఆడపిల్ల అయితే అది తిరగబడుతుంది.

"నువ్వు ఊరుకోమ్మే. మొగోళ్ళు మాట్లాడతాండారు కదా," అన్నాడు బావ.

మొగోళ్ళలో ఒక్కడు ఆ జీపును బోరు దగ్గర ఒక్కసారైనా వెనక్కి నడిపి ఉంటే నేను నిజంగానే ఊరుకునేదాన్ని. నాయన వైపు చూశాను. ఆయన ఆ ఐదు గేర్ల పెట్టెను తువ్వాలుతో తుడుస్తున్నాడు. తుడిచే పద్ధతి చూడగానే తీర్పు అయిపోయిందని తెలిసింది.

బిగించడం అయ్యాక పూజ. అసలు తెలివి అక్కడ బయటపడింది. జీపు మూతి షెడ్డు గోడవైపు ఉంది, బయటికి రావాలంటే వెనక్కే రావాలి. మంచిదే, రివర్స్ ఎలా ఉందో ఇప్పుడే తేలిపోతుందని నేను సీట్లో కూర్చున్నాను. బావ పరుగెత్తుకొచ్చి తాళం లాక్కున్నాడు.

"కొత్త బండి మొదట ఎనక్కి పోకూడదు మే! అంత మాత్రం తెలీదా?"

అదీ మావాళ్ళ ఆచారం. కొత్త బండి ముందుకే కదలాలి, నిమ్మకాయలు తొక్కాలి, ఆ రోజంతా రివర్స్ వేయకూడదు. వేస్తే సంసారం వెనక్కి పోతుందట. గేర్‌బాక్స్ మారింది కాబట్టి ముప్పై ఏళ్ళ ముసలి జీపు కూడా కొత్తదే. టీ అంగట్లో ఉన్నవాళ్ళనందరినీ పిలిచి, ఇంజిను ఆపి, బండిని చేతులతో వెనక్కి తోసి రోడ్డు మీదికి తెచ్చారు. చేతులతో తోస్తే వెనక్కి పోయినట్టు కాదు కాబోలు, గేరు వేస్తేనే దేవుడు చూస్తాడు. తోసి తోసి బావ తెల్లచొక్కా చంకల్లో తడిసింది. ఆ రోజు నాకు దక్కిన సంతోషం అంతే.

తరువాత పరీక్ష అని హైవే ఎక్కి సోమందేపల్లె దాకా పోయి వచ్చాం. చేన్లలో బతికే బండికి హైవే మీద పరీక్ష! ఈతగాడిని గుర్రమెక్కించి చూసినట్టుంది. నడిపింది బావ, పక్కన నాయన, వెనక నేను. ఐదో గేరు పడగానే నాయన తువ్వాలు ఎగిరి నా మొహం మీద పడింది. ఆయన వెనక్కి తిరిగి నోరంతా తెరిచి నవ్వాడు. ఇన్నేళ్ళూ ఆ జీపును ఆటోలు కూడా దాటి పోయేవి, ఆ పూట అది ఒక లారీని దాటింది. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండింది. ఆ మంటలోనే ఎక్కడో జాలి కూడా వేసింది, అది నాకు ఇంకా నచ్చలేదు.

మర్నాడు పొద్దునే ఒక చీనీ తోట రైతు పిలిచాడు, చీనీ అంటే మా దిక్కు బత్తాయి. మోటారు బాగై వచ్చింది, దించాలి. చెట్ల ఆకులు ముడుచుకుపోయి ఉన్నాయి, ఇంకో వారం నీళ్ళు లేకపోతే తోట పొయ్యిలోకే. ఐదు గేర్ల మహిమ చూద్దామని బావ కూడా వచ్చాడు. స్టాండు ముందు బండి పెట్టడానికి నేను మొదటిసారి రివర్స్ వేశాను. క్లచ్ కొంచెం వదిలానో లేదో బండి వెనక్కి దూకింది.

"నాయనా, ఇది పాకదు, దూకుతాండాది," అన్నాను.

"మెల్లగ సగం క్లచ్చి మీద పట్టు పాపా. అయిపోతాది," అన్నాడు ఆయన. రైతు చేతులు నలుపుకుంటూ మా ఇద్దరి మొహాలూ చూస్తున్నాడు.

మొదటి పైపులకు బరువు లేదు, ఎలాగో దిగాయి. బరువు పెరిగేకొద్దీ క్లచ్ కాలిన వాసన మొదలైంది. క్లచ్ తొక్కితే ఇంజిను పట్టు వదిలేస్తుంది, వదిలితే బండి దూకుతుంది, బ్రేకు తొక్కితే ఆ ఎర్రమట్టిలో చక్రాలు జారుతున్నాయి. అద్దంలో నాయన చేయి క్లాంపు మీద ఉంది. సగం పైపులు దిగాక నేను ఇంజిను ఆపి తాళం తీశాను.

"నేను దించను. ట్రాక్టరు పిలిపిద్దాం."

"బయపడితే దిగు. నేను నడుపుతా," అన్నాడు బావ. హైవే మీద లారీని దాటిన వీరుడు కదా!

నేను కదలలేదు. నాయన బోరు దగ్గర నుంచి నా దాకా వచ్చాడు. రైతు వైపు ఒకసారి, అల్లుడి వైపు ఒకసారి చూశాడు. ట్రాక్టరు పిలిస్తే రైతు ముందు అల్లుడి మాట పోతుంది. మా ఇళ్ళలో అల్లుడి మాట పోవడం కన్నా ఏది పోయినా పరవాలేదు.

"దిగు పాపా," అన్నాడు. దిగాను.

రెండు పైపులు దిగాయి. బావ కిటికీలోంచి తల బయటపెట్టి, చూశావా అన్నట్టు నన్నే చూస్తూ నడుపుతున్నాడు. అద్దంలోకి ఆయన చూడలేదు. మూడోదానికి నాయన ఎడమ చేత్తో పిడికిలి పట్టాడు, నేను అరిచాను, బావ బ్రేకు తొక్కాడు. చక్రాలు ఆగాయి గానీ బండి ఆగలేదు, మట్టి మీద జారుకుంటూ వచ్చింది. క్లాంపు బోరు నోటి మీద దబ్బుమని కూర్చుంది. దాని కింద నాయన కుడి చేతి వేళ్ళు ఉన్నాయి.

అనంతపురం పెద్దాసుపత్రిలో చూపుడు వేలు, మధ్య వేలు తీసేశారు. మిగిలిన పైపులు దించింది పక్క ఊరి ట్రాక్టరే. తోట బతికింది, ఆ మాట కూడా చెప్పాలి.

వార్డులో నాయన మంచం పక్కన నిలబడి బావ వచ్చినవాళ్ళందరికీ ఒకటే కథ చెప్పాడు. "కొత్త బండి, శుభమా అని బయటికి తీస్తాంటే ఈ పాప రివర్సు రివర్సు అని నోరు తెరిచింది. ఆ నోరే కొట్టింది." చూడ్డానికి వచ్చిన మెకానిక్కు తల ఊపాడు. తెచ్చిన బత్తాయిలు మంచం మీద పెట్టి, అవును పాపా, అట్ల అనకూడదు, అన్నాడు. వాళ్ళను తిట్టాలంటే అవతల మనిషి ఉండాలి కదా. నాయన కళ్ళు మూసుకుని పడుకున్నాడు, నిద్రపోవడం లేదని నాకు తెలుసు.

కట్టు విప్పిన మర్నాడు ఆయన నన్ను వెంటబెట్టుకుని షెడ్డుకు పోయాడు.

"పాత డబ్బా యాడ?" అన్నాడు.

అది తలుపుకు అడ్డంగా పడి ఉంది, గాలికి తలుపు కొట్టుకోకుండా. దాని మీద ఎవరో టీ గ్లాసు పెట్టారు. నాయన ఆ గ్లాసు తీసి పక్కన పెట్టాడు. "ఇది బిగించు," అన్నాడు. నెల పడుతుందన్న పని సంతకూ సంతకూ మధ్యలోనే అయిపోయింది. పలక కోయించారు, క్లచ్ ప్లేటు దొరికింది. దొరకదని ఎవరు చెప్పారో వాళ్ళే తెచ్చారు.

మళ్ళీ పూజ. బావ మళ్ళీ వచ్చాడు, ఆ ఓపికకు దండం పెట్టాలి. ముందు చక్రాల కింద ఆయనే వంగి నిమ్మకాయలు పెట్టాడు. "ఈసారన్నా నోరు మూసుకోని జానెడు ముందుకు పోనీ, నిమ్మకాయలు తొక్కినాక ఎనక్కి తోస్తాం," అని సీట్లో కూర్చున్న నాకు చెప్పి, తోయడానికి టీ అంగడి వాళ్ళను కేకేశాడు. జీపు మూతి ఈసారి కూడా గోడవైపే ఉంది.

"ఎవరూ తోయొద్దండప్పా," అన్నాడు నాయన.

ఆయన జీపు వెనక్కి నడిచి, రోడ్డు వైపు నిలబడ్డాడు. నేను అద్దంలోకి చూశాను. కుడి చేయి పైకెత్తాడు. ఉంగరం వేలు, చిటికెన వేలు మాత్రం నిలబెట్టి, బొటనవేలు లోపలికి ముడిచాడు. రెండు వేళ్ళు.

"మామా, అపశకునం మామా," అంటున్నాడు బావ.

నేను రివర్స్ వేసి క్లచ్ పూర్తిగా వదిలేశాను. జీపు చీమలా పాకింది. నాయన ఆ చేతిని బండి వెనక తలుపు మీద ఆనించి, దానితో పాటే ఒక్కో అడుగు వెనక్కి వేస్తూ రోడ్డు దాకా నడిచాడు. నిమ్మకాయలు గోడ దగ్గర పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.