కోళ్ళ షెడ్డుకు లీజు కాగితం

“షెడ్డు ఎవరిదండీ?” అని బ్యాంకు మేనేజరుగారు అడగగానే మా ఆయన నవ్వారు.

“మా బావదేనండి.”

“లీజు కాగితం ఉందా?”

“బావ దగ్గర కాగితమేటండీ!” అని ఇంకా గట్టిగా నవ్వారు. మేనేజరుగారు నవ్వలేదు. పెన్నుకు మూత పెట్టి, మా ఫైలును చాలా మర్యాదగా పక్కకు జరిపారు. ఏదో చెడబోతోందని నాకు తెలిసింది ఆ క్షణంలోనే. నిన్న సాయంత్రం పిల్లలతో గాజువాకలో అదే బ్యాంకు ముందు నుంచి వస్తుంటే, లోపల టోకెన్ నంబరు పిలిచే గంట మోగింది. ఆ రోజు మేనేజరుగారు ఫైలు జరపడం మళ్ళీ గుర్తొచ్చింది. పిల్లలు పడుకున్నాక కూర్చుని ఇది రాస్తున్నాను.

మా ఆయనది పరవాడలో మందుల కంపెనీ ఉద్యోగం. చోడి బిస్కెట్లు, అంటే రాగి బిస్కెట్లు, చేసి అమ్మాలన్న ఆలోచన ఆయనకి ఎక్కడ పుట్టిందో తెలియదు కానీ, ఆ ఏడాదంతా మా అద్దె ఇంట్లో వేయించిన చోడిపిండి, బెల్లం పాకం కలిసిన వాసనే. తలగడలకు కూడా పట్టేసింది. మొదట్లో వచ్చిన బిస్కెట్లతో గోడకు మేకులు కొట్టుకోవచ్చు. పిల్లలు వాటిని పాలలో వేసి, అవి నానేలోపు హోంవర్కు ముగించేవారు. నాలుగు నెలలు తంటాలు పడితే చివరికి బాగా కుదిరాయి. వ్యాపారం పెట్టాలంటే డబ్బొక్కటే కావాలని అప్పటిదాకా అనుకునేదాన్ని. కాదట, మనుషులు కూడా కావాలి. ఉక్కునగరంలో ఉండే ఆయన స్నేహితుడొకాయన వెల్డింగు మనిషి, కూలి తీసుకోకుండా ట్రేలు చేసిచ్చారు. లోనుకి వెళ్తే బ్యాంకువాళ్ళు ముందు మీ వాటా డబ్బు చూపించమన్నారు. ఉద్యోగం మానితే గానీ పీఎఫ్ మొత్తం చేతికి రాదని ఆయన మానేశారు. వచ్చింది వచ్చినట్టే ఓవెన్‌కి అడ్వాన్సుగా వెళ్ళిపోయింది.

చోటు మాత్రం అన్నిటికంటే ముందే దొరికింది. బిస్కెట్లు ఇంకా రాళ్ళలా ఉన్న రోజుల్లోనే తగరపువలస నుంచి మా అన్నయ్య వచ్చి, ఒకటి కొరకలేక చేతిలో పట్టుకుని, “బావా, మా కోళ్ళ షెడ్డు ఖాళీగా పడుంది. కోళ్ళని సాకలేకపోనాను, నిన్నైనా సాకుతాను. తీసుకో,” అన్నాడు. అద్దె ఎంతని మా ఆయన అడిగితే, “అద్దె మాటెత్తావంటే ఈ బిస్కెట్టెట్టి కొడతాను. తగిల్తే పేణం పోద్ది, సూసుకో,” అన్నాడు. అంతే, షెడ్డు మాదైపోయింది. మా వైపు బావ ఇచ్చినదానికి కాగితం అడగడమంటే ఆయన నోటిమాట మీద నమ్మకం లేదని చెప్పడమే. అందుకే మేమిద్దరం అడగలేదు. బ్యాంకు నుంచి వచ్చాక కూడా “నీ అన్న కదా, నువ్వడుగు” అని ఆయన, “మీ బావ కదా, మీరే అడగండి” అని నేను, అలా వారాలు గడిపేశాం. కాగితం లేనిదే లోను రాదు, లోను రాకపోతే ఓవెన్ రాదు. వెనక్కి వెళ్దామంటే ఉద్యోగం లేదు.

చివరికి ఒక ఆదివారం పిల్లల్ని పొరుగింట్లో ఉంచి తగరపువలస వెళ్ళాం. వదిన చేపల పులుసు చేసింది. అన్నయ్య నా కంచంలో తలకాయ ముక్క వేస్తుంటే నోరు తెరిచాను. “అన్నయ్యా, షెడ్డుకి లీజు కాగితం కావాలంటున్నారు.”

“ఎవరికి సెల్లీ?”

“బ్యాంకువాళ్ళకి.”

“ఆళ్ళకి నా మాట సాలదు, సరే. నీకూ సాలదేటి?”

మా ఆయన, పని తేలికవుతుందనుకుని, సంచిలోంచి టైపు చేయించిన స్టాంపు కాగితం తీసి కంచం పక్కన పెట్టారు. అన్నయ్య దాన్ని ముట్టుకోలేదు, చూశాడంతే. “ఓహో. రాయించుకునే వచ్చారేటి, బోయినానికి?” అన్నాడు. ఆ కాగితం ఒద్దని లోపల పెట్టించడానికి నాకు నోరు రాలేదు. సంతకం పెట్టమనడానికీ రాలేదు. అన్నయ్య అన్నం సగంలో వదిలేసి లేచి, చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, చూపించిన చోటల్లా సంతకం పెట్టాడు. “తీసుకెళ్ళు బావా. నీ పని అయిపోనాది,” అన్నాడు. ఎప్పుడూ బస్సెక్కించేదాకా వదలని మనిషి ఆ రోజు గుమ్మం దిగలేదు.

తర్వాత లోను వచ్చింది, ఓవెన్ వచ్చింది. షెడ్డులో ఇప్పుడు రోజూ బిస్కెట్లు కాలుతున్నాయి. అన్నయ్య ఇల్లు అక్కడికి కూతవేటు దూరం. అయినా అన్నయ్య ఆ షెడ్డు వైపు రాడు. నేను వెళ్ళి ఏమని చెప్పాలో నాకు ఈరోజుకీ తెలియదు.

సంతకం పెట్టించుకుని వచ్చిన మర్నాడు పొద్దున్న జడలు వేస్తుంటే పిల్లలు అడిగారు, ఈసారి మావయ్య ఇంటికి మమ్మల్ని ఎప్పుడు తీసుకెళ్తావని. “మావయ్యకి పనులెక్కువమ్మా, కొన్నాళ్ళాగి వెళ్దాం,” అన్నాను. వాళ్ళు నమ్మి బడికి వెళ్ళిపోయారు. కొన్నాళ్ళు అంటే ఎంతకాలమో అప్పుడు నాకూ తెలియదు.