బుకిట్ పంజాంగ్ ప్రభువు

పార్థసారథి తెలుగువాళ్లను అంతస్తులవారీగా చీల్చి సంఘానికి అధ్యక్షుడు కావాలని చూస్తున్నాడన్నది ఉత్త పుకారు. సింగపూర్ బుకిట్ పంజాంగ్‌లో ఏ ఇంట్లో ఏ కూర ఉడికిందో చెప్పగల రత్తమ్మకు అతని అసలు జబ్బు తెలుసు. ఇంగ్లండు పక్కనున్న వేల్స్ దేశం.

కంపెనీ పనిమీద ఒక చలికాలం అక్కడికి వెళ్లి, వాన వెలిసేదాకా లైబ్రరీలో కూర్చున్నాడట. వాన వెలవలేదు. ఎనిమిది వందల ఏళ్ల నాటి వేల్స్‌ని బుర్రకెక్కించుకుని తిరిగొచ్చాడు.

"దేశాన్ని కాంత్రెవ్‌లుగా, కాంత్రెవ్‌ను కుమ్ముద్‌లుగా పంచేవారు ఆంటీ. కుమ్ముద్‌కో ప్రభువు."

"తాలూకా, ఫిర్కా అనరాదూ? ఇంత నోరు తిప్పడం దేనికీ?"

అప్పట్నుంచి వాళ్ల ఫ్లాట్ల బ్లాకు కాంత్రెవ్ అయింది, అంతస్తు కుమ్ముద్ అయింది. రెండంతస్తుల మధ్య లిఫ్టు ఆగి, లోపల భార్య వసుంధర కేకలేస్తుంటే, "సరిహద్దులో ఆగింది, ఏ ప్రభువుకి మొరపెట్టుకోవాలీ?" అని బయట ఆలోచిస్తూ నిలబడ్డాడు. కూతురి పుట్టినరోజు కేకును పిల్లల్లో చిన్నవాడు కోయాలి, పెద్దవాడు ముందు ఏరుకోవాలి. వేల్స్‌లో అన్నదమ్ముల పంపకం అలాగేనట.

"డాడీ, ఇట్స్ ఓన్లీ కేక్ లా!" అని సింగపూర్ యాసలో అంటూ కూతురు నిఖిల తల పట్టుకుంది.

ఆ రోజుల్లో కంప్యూటర్ వచ్చినవాడికల్లా సింగపూర్‌లో ఉద్యోగమే, ఒక్క వెంకటరాజుకి తప్ప. ఒంటరివాడు. అతని కంపెనీ మూతపడింది. అయినా రోజూ టై కట్టుకుని బ్లాకు కింద సిమెంటు బల్ల దగ్గర కూర్చునేవాడు. భోజనానికి ఎవరు పిలిచినా "ఇప్పుడే తిన్నానండీ" అనేవాడు. బెల్టుకు కొత్త చిల్లు పడటం రత్తమ్మ చూసింది. మళ్లీ పిలిచింది. తిన్నానండీ.

అంతలో పై అంతస్తు సూరమ్మ ఆరేసిన చీర, కింది అంతస్తు లలితకుమారి వడియాల మీద కారింది. ఇద్దరూ కింద బల్ల దగ్గరే కలబడ్డారు. పార్థసారథి మొహం వెలిగిపోయింది.

"సరిహద్దు తగాదా! ఏ ఇంటి పక్షమూ లేని ప్రభువు కావాలి. వెంకటరాజుగారూ, మీరే."

"నేనా? నేనేం చెయ్యాలండీ?"

"ఇంటింటికీ తిరిగి, భోంచేసి, మొరలు వినాలి. అక్కడి ప్రభువుల ఆచారం. తిననంటే ఆ ఇంటిని అవమానించినట్టే."

వెంకటరాజు "తిన్నా..." అనబోయి, సూరమ్మ మొహం చూసి ఆగిపోయాడు.

పిలిస్తే రాని మనిషి, మొర వినడానికి మాత్రం తలెత్తుకుని వచ్చేవాడు. సూరమ్మ గుత్తివంకాయతో వాదించింది, లలితకుమారి పులిహోరతో. అతను తీర్పు చెప్పబోయినప్పుడల్లా పార్థసారథి అడ్డుపడేవాడు.

"వేల్స్‌లో ఇంత తొందరపడరండీ. ఇంకా సాక్షులున్నారు."

సాక్షులంటే మిగతా ఇళ్లు. వడియాలు ఎండి, వేగి, ప్రభువు కంచంలోకే వచ్చాయిగాని తగాదా తెగలేదు.

వెంకటరాజుకి బ్యాంకులో ఉద్యోగం దొరికిన సాయంత్రమే పార్థసారథి తీర్పు చెప్పెయ్యమన్నాడు. చీర గట్టిగా పిండి ఆరేయాలి. అంతే తీర్పు.

రత్తమ్మ ఇక ఆగలేకపోయింది. పార్థసారథిని లిఫ్టు దగ్గర పట్టుకుంది.

"నిజం చెప్పు బాబూ. వేల్స్ పిచ్చి నీది, చదివింది నువ్వు. ప్రభువు పదవి ఆ అబ్బాయికెందుకిచ్చావ్?"

పార్థసారథి తన చెప్పులవైపు చూసుకున్నాడు.

"ప్రభువుకి ముందు ఆకలుండాలి ఆంటీ. వసుంధర వంట తింటూ నాకదెక్కడిదీ?"