రాణిగారి పేరు, అత్తగారి నోరు

నేను చేసిన తెలివితక్కువ పనులన్నీ వరసగా నిలబెడితే మేముండే హౌగాంగ్ నుంచి ఆఫీసుండే చాంగీ దాకా క్యూ అవుతుంది. ఆ క్యూలో అన్నిటికంటే ముందు నిలబడే దాని గురించి చెప్తాను, వినండి. ఒక రాణిగారి పేరుతో మొదలై, మా అత్తగారి నోటిదాకా వెళ్ళి, మమ్మల్ని మూటాముల్లెతో ఇండియా విమానం ఎక్కించబోయిన ఘోరం అది. నవ్వుకోండి, పర్వాలేదు. ఆ రోజు మాత్రం నాకు నవ్వు రాలేదు.

ఐటీ బూమ్ రోజులు. కంప్యూటర్ ముందు నిటారుగా కూర్చోగలిగినవాడికల్లా ఉద్యోగం దొరికేది, నాకూ దొరికింది. చాంగీ బిజినెస్ పార్కులో ఒక బ్యాంకు పని. చేరిన రెండో నెల్లోనే, టెస్ట్ సిస్టమ్ మీద నడపాల్సిన ప్రోగ్రామును అసలు సిస్టమ్ మీద నడిపేశాను. సగం రోజు బ్యాంకులో తెరలన్నీ తెల్లబోయాయి, వాటితోపాటు నేనూ. మా మేనేజరు "ఈ వారమే ఇతన్ని ఇండియా పంపించెయ్యండి" అన్నాడు. ఇంట్లో మా ఆవిడ సునీతకి ఎనిమిదో నెల.

అప్పుడు బ్యాంకు తరఫున ఆ పనంతా చూసే హాలండ్ ఆవిడ అడ్డుపడ్డారు. "తప్పు ఎక్కడ జరిగిందో అందరికంటే బాగా తెలిసింది ఇతనికే. ఉంచండి" అన్నారు. అంతే, ఉంచారు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా చేతులు వాటంతటవే జోడించుకుంటాయి.

ఆవిడ పేరు విల్‌హెల్మినా. వాళ్ళ దేశాన్ని ఒకప్పుడు ఏలిన రాణిగారి పేరు, వాళ్ళ అమ్మమ్మ ముచ్చటపడి పెట్టిందట. కానీ ఇంగ్లీషు ఆఫీసులో అంత పేరు పిలిచే తీరిక ఎవరికుంది? ఒకడు మినా అంటాడు, ఒకడు విల్ అంటాడు, ఆస్ట్రేలియా ఆయనైతే ఏకంగా బిల్లీ! సంతకం దగ్గరికొచ్చేసరికి ఆవిడే ఒక్క డబ్ల్యూ గీసి ఊరుకునేవారు. రాణిగారి పేరును బెండకాయలా తరిగేశారే అని నా ప్రాణం విలవిల్లాడింది.

మాకు ఆడపిల్ల పుట్టింది. మేలు చేసినవాళ్ళ పేరు బిడ్డకు పెట్టుకోవడం మనకున్న ఆచారమే కదా. బియ్యంలో మూడుసార్లు రాశాను: విల్‌హెల్మినా. బియ్యం చాలక ఇంకో గ్లాసు పోయాల్సి వచ్చింది.

అనకాపల్లి నుంచి పురిటికి వచ్చిన మా అత్తగారు అప్పుడే హెచ్చరించారు. "అల్లుడుగారూ, పెద్దోళ్ళ పేరెడితే పిల్లని తిట్టుకోడానికుండదు. పిలవడానికి బుజ్జనో చిట్టనో ఇంకోటి పెట్టండి."

"వీల్లేదండీ! ఆఫీసువాళ్ళు ముక్కలు చేసింది చాలు. ఈ ఇంట్లో ఎవరైనా సరే పూర్తిగా పిలవాల్సిందే!" అన్నాను. మా అత్తగారిది పట్టిన పట్టు విడవని రకం. వారం రోజులు సహస్రనామంలా వల్లెవేసి, ఒక్క అక్షరం పోకుండా పట్టేశారు. కొరివితో తల గోక్కోవడమంటే ఇదేనని నాకు అప్పట్లో తెలియలేదు.

పిల్లకి పదిహేను నెలలొచ్చాయి. అత్తగారు రెండోసారి వచ్చారు. సరిగ్గా అప్పుడే నా వర్క్ పాస్ పొడిగింపుకి మేడమ్ సిఫారసు ఉత్తరం కావాల్సి వచ్చింది. అది లేకపోతే ముగ్గురం ఇంటికే. "శనివారం నాలుగింటికి నా పేరుగల పాపను చూడ్డానికి వస్తాను. ఉత్తరం సోమవారం ఇస్తాను" అన్నారావిడ.

నాలుగంటే నాలుగింటికే వస్తారని మనకేం తెలుసు? సునీత స్నానానికి వెళ్ళింది. వంటింట్లో మిక్సీ మోతలో అత్తగారికి కాలింగ్ బెల్ వినపడలేదు. మేడమ్ సోఫాలో కూర్చున్నారో లేదో, మిక్సీ ఆగింది.

"విల్‌హెల్మినా! నీ దుంప తెగ!"

మేడమ్ చటుక్కున లేచి నిలబడ్డారు. "నన్ను పిలుస్తున్నారా?"

"ఆశీర్వదిస్తున్నారు మేడమ్. కూర్చోండి."

"పప్పు డబ్బా బోర్లించేశావా, కోతి మొహమా! ఒళ్ళు చీరేస్తాను!"

"ఇది?"

"దీర్ఘాయుష్షు మేడమ్."

"గాడిదలా పెరిగావు, నీకు బుద్ధెప్పుడొస్తాదే విల్‌హెల్మినా?"

"ఇది చదువు గురించి..."

ఇంతలో తెరిచి ఉన్న తలుపులోంచి పక్క ఫ్లాటు సరోజా ఆంటీ కర్రీపఫ్‌ల ప్లేటుతో లోపలికొచ్చింది. తాతల నాడే శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చిన కుటుంబం. తెలుగు, తమిళం, మలయ్, ఇంగ్లీషు నాలుగూ వచ్చు. అబద్ధం మాత్రం ఒక్క భాషలోనూ రాదు.

"బ్లెస్సింగ్ ఎక్కడ లా!" అంది ఆంటీ, ఇక్కడివాళ్ళ అలవాటు ప్రకారం మాట చివర ఒక 'లా' తగిలించి. "అమ్మగారు తిట్టతా ఉండారు!" అని ఆగకుండా కోతి, గాడిద, పప్పు డబ్బా అన్నిటినీ వరసగా ఇంగ్లీషులోకి దించేసింది. నేను కళ్ళతో బతిమాలాను. "ఎందుకు కన్ను కొడతావు?" అని అదీ ఇంగ్లీషులోనే అడిగింది.

మేడమ్ మొహం ఎర్రబడింది. నేరుగా వంటింటివైపు నడిచారు. అయిపోయింది, సోమవారం లేదు, ఉత్తరం లేదు అనుకున్నాను. వెనకాల నేను, నా వెనకాల ఆంటీ.

వంటింట్లో నేలంతా కందిపప్పు. మధ్యలో రాజ్యమేలుతున్న మా చిన్న విల్‌హెల్మినా. గరిటెతో మా అత్తగారు. పెద్ద విల్‌హెల్మినాని చూసి ఆవిడ గరిటె కింద పడేశారు. "అయ్యో తల్లీ, మిమ్మల్ని కాదమ్మా! నే చెప్తూనే ఉన్నాను, ఈ అల్లుడుగారే..."

మేడమ్ ఆంటీవైపు తిరిగారు. "ఇంకొక్కసారి అనమనండి."

అందరం బిత్తరపోయాం.

"మా అమ్మమ్మ ఒక్కతే నన్ను పూర్తి పేరుతో పిలిచేది. అదీ తిట్టేటప్పుడే. ఆవిడ పోయి ముప్పై ఏళ్ళు. ఆ తర్వాత ఈ ఇంగ్లీషులో నన్ను మినా అన్నారు, బిల్లీ అన్నారు, ఒక్క అక్షరం చేశారు. పూర్తి పేరుతో ఎవరూ తిట్టలేదు."

ఆంటీ తెలుగులో చెప్పింది. అత్తగారు కొంగుతో చెయ్యి తుడుచుకుని, మేడమ్ బుగ్గ పట్టుకుని, ఈసారి మెల్లగా అన్నారు. "విల్‌హెల్మినా, నీ దుంప తెగ! ఏమీ తినకుండా వెళ్ళిపోదామనే?"

దానికి తర్జుమా అక్కర్లేకపోయింది. మేడమ్ నేలమీద కూర్చుని పాపతో కలిసి పప్పు ఏరారు. మూడు పెసరట్లు తిన్నారు.

సోమవారం ఉత్తరం వచ్చింది. కింద ఎప్పుడూ ఉండే డబ్ల్యూ లేదు. విల్‌హెల్మినా అని పేరంతా, కాగితం అంచుదాకా ఉంది. ఆ ఉత్తరం పుణ్యమా అని మేమింకా ఇక్కడే ఉన్నాం. దాని కాపీ మా దేవుడి అరలో ఉంది.

ఆ శనివారమే, కందిపప్పు సాక్షిగా శపథం చేశాను: ఇకమీదట మేలు చేసినవాళ్ళ పేరు మనసులో పెట్టుకుంటానే గానీ పిల్లలకు పెట్టను గాక పెట్టను!

సునీత ఈ శపథాన్ని ఎంతో గౌరవించింది. రెండోవాడు పుట్టగానే "ఏ మేలూ చెయ్యనివాళ్ళ పేరు కావాలి, హాయిగా తిట్టుకోవచ్చు" అని వెతికి వెతికి నా పేరే పెట్టింది. ఇప్పుడు మా ఇంట్లో "ప్రకాశరావూ, మొద్దు మొహమా, తడి తువ్వాలు మంచమ్మీద వేసిందెవరు?" అని కేక వినపడగానే ఇద్దరం లేచి నిలబడతాం.